స్విఫ్టు స్క్రిప్టులలో ఉమ్మడి కోడు

స్విఫ్టు భాషలో వ్రాసిన చిన్న ప్రోగ్రాములకు (స్క్రిప్టులకు) పలుచోట్ల కావలసిన ఫంక్షన్లను, పట్టికలను ఒకే ఫైలులో ఉంచి, అన్నిటికీ అందుబాటులోకి తెచ్చుటను ఉమ్మడి కోడు పద్ధతి అనవచ్చును. స్విఫ్టును ఆపిల్ సంస్థ 2014 జూన్ 2న ప్రకటించింది. 2015 డిసెంబరు 3న దీనిని ఓపెన్ సోర్సుగా విడుదల చేసింది.

అవసరం

ఒకే కోడును రెండు ఫైళ్ళలో నకలు చేసినచో, ఒకదానిలో చేసిన సవరణ రెండవదానికి చేరదు. ఉదాహరణకు, కృష్ణా తీరాన కొల్లాపూర్ మండలంలో ఉన్న సోమశిల గ్రామం 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేది. ఆనాటి పునర్విభజనలో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. గ్రామాల జాబితాను ముద్రించే స్క్రిప్టు ఒకటి, జిల్లాల వారీగా లెక్కించే స్క్రిప్టు మరొకటి ఉన్నాయనుకొనుము. రెండింటిలోను జిల్లాల పట్టిక విడివిడిగా ఉండి, మొదటిదానిని మాత్రమే సవరించినచో, ఒకే గ్రామం రెండు జిల్లాలలో కనిపించును. ప్రోగ్రాము ఏ దోషమూ చూపదు గనుక ఈ తప్పును కనుగొనుట కష్టము.

పెన్నా నదిపై ఆనకట్ట ఉన్న మరొక సోమశిల నెల్లూరు జిల్లాలో ఉన్నది. కావున గ్రామం పేరుతో పాటు మండలం పేరును కూడా సరిచూడవలెను. ఇటువంటి నియమము ఒక్కచోటనే ఉండుట మేలు.

స్విఫ్టు పనిచేయు తీరు

సీ భాషలో "ఇన్‌క్లూడ్" ఆదేశము ద్వారా ఒక ఫైలును మరొక ఫైలులోనికి తెచ్చుకొందురు. స్విఫ్టులో అట్టి ఆదేశము లేదు. "ఇంపోర్ట్" అనునది మాడ్యూళ్ళకే గాని ఫైళ్ళకు వర్తించదు. మాడ్యూలు అనగా కలిపి కంపైలు చేయబడిన ఫైళ్ళ సముదాయము. ఒకే మాడ్యూలులోని ఫైళ్ళు, "ప్రైవేట్" లేదా "ఫైల్‌ప్రైవేట్" అని గుర్తించినవి తప్ప, ఒకదానిలోని ఫంక్షన్లను మరొకటి నేరుగా వాడుకొనగలవు.

"స్విఫ్ట్" ఆదేశము తరువాత ఫైలు పేరు వ్రాసినచో ఆ ఒక్క ఫైలు మాత్రమే నడచును. దాని ప్రక్కన రెండవ ఫైలు పేరు ఇచ్చినను అది కోడుగా కలువదు, స్క్రిప్టుకు అందించిన సమాచారముగా మాత్రమే భావించబడును. క్రొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడనే.

పద్ధతులు

1. కలిపి కంపైలు చేయుట: "స్విఫ్ట్‌సీ" కంపైలరుకు అన్ని ఫైళ్ళ పేర్లనూ ఒకేసారి ఇవ్వవలెను. అప్పుడు అవి ఒకే మాడ్యూలగును. నేరుగా నడిచే వాక్యాలు "మెయిన్.స్విఫ్ట్" అను ఫైలులో మాత్రమే ఉండవలెను. మిగిలిన ఫైళ్ళలో ఫంక్షన్లు, రకాలు, చరరాశుల ప్రకటనలు ఉండవచ్చును. పై ఉదాహరణలో జిల్లాల పట్టిక ఒక ఫైలులో ఉండును. రెండు స్క్రిప్టులకు రెండు సంచయాలు, వాటిలో ఒక్కొక్క మెయిన్ ఫైలు ఉండును.

2. ఫైళ్ళను అతికించుట: యునిక్సులోని "క్యాట్" ఆదేశముతో ఫైళ్ళను వరుసగా చేర్చి స్విఫ్టుకు అందించవచ్చును. ఇది సులభము. అయితే దోషాలు వచ్చినపుడు చూపే వరుస సంఖ్యలు అసలు ఫైళ్ళతో సరిపోవు.

3. ప్రత్యేక మాడ్యూలు: ఉమ్మడి ఫైలును విడిగా మాడ్యూలుగా కంపైలు చేసి, స్క్రిప్టులలో "ఇంపోర్ట్" చేయుట. ఇందులో బయటివారు వాడవలసిన ప్రతి ఫంక్షనుకు "పబ్లిక్" అని చేర్చవలెను.

4. ప్యాకేజీ: స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్‌లో ఉమ్మడి కోడును ఒక లైబ్రరీగాను, స్క్రిప్టులను నడిచే ప్రోగ్రాములుగాను ప్రకటింతురు. 2023లో వెలువడిన స్విఫ్ట్ 5.9 నుండి "ప్యాకేజ్" అను అనుమతి స్థాయి కూడా ఉన్నది. దీనితో గుర్తించిన కోడు ఆ ప్యాకేజీలోని మాడ్యూళ్ళకు మాత్రమే కనిపించును.

ఎంపిక

రెండు మూడు ఫైళ్ళకు మొదటి పద్ధతి సరిపోవును. ఒకసారి వాడి వదలివేయు పనికి రెండవది చాలును. స్క్రిప్టుల సంఖ్య పెరిగినపుడు, ముఖ్యముగా పరీక్షలు వ్రాయవలసినపుడు, ప్యాకేజీ అనుకూలము. ఏ పద్ధతిని అనుసరించినను, జిల్లా పేరు మారినపుడు సవరించవలసిన చోటు ఒక్కటే ఉండును.