సన్‌రూఫ్ తెరుచుకోవడం లేదా? మోటారు మార్చే ముందు ఇవి చూడండి

న్యూఢిల్లీ: స్విచ్ నొక్కినా కారు సన్‌రూఫ్ కదలకపోతే మోటారు కాలిపోయిందనే నిర్ణయానికి చాలామంది తొందరగా వస్తారు. నిజానికి ఫ్యూజు, బ్యాటరీ, పట్టాల్లో చేరిన ధూళి వంటి చిన్న కారణాల వల్లనూ అది మొరాయిస్తుంది. లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా స్విచ్‌ను పదే పదే నొక్కితే చిన్న మరమ్మతుతో పోయేది పెద్ద ఖర్చుకు దారితీయవచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు విస్తారంగా ఉన్న ఢిల్లీలోని ఆర్.కె. పురంలో ఎన్నో కార్లు వీధి పక్కన, చెట్ల కిందనే నిలుస్తాయి. మే, జూన్ నెలల ధూళి గాలులు, రాలిన ఆకులు సన్‌రూఫ్ అంచుల్లో పేరుకుంటాయి. నైరుతి రుతుపవనాలు ఢిల్లీకి చేరే సాధారణ తేదీ జూన్ 27. తెరుచుకోని అద్దం అసౌకర్యం మాత్రమే. వాన రోజున మూసుకోని అద్దం కారు లోపలి భాగాలనే పాడుచేస్తుంది. అందువల్ల వర్షాలకు ముందే పరీక్షించుకోవడం మేలు.

పనిచేసే తీరు

స్విచ్ నుంచి సంకేతం అందగానే 12 వోల్టుల మోటారు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం రెండు కేబుళ్లను కదిలిస్తుంది. అవి అద్దాన్ని ఇరువైపులా ఉన్న పట్టాలపై సమానంగా జరుపుతాయి. మూసుకుంటున్నప్పుడు చేయి వంటిది అడ్డుపడితే అద్దాన్ని వెనక్కు మళ్లించే రక్షణ ఏర్పాటు అనేక కార్లలో ఉంటుంది.

శబ్దమే తొలి ఆధారం

ఇంజిన్‌ను నడుపుతూ, స్విచ్‌ను ఒక్కసారి నొక్కి వినాలి.

శబ్దమే లేకపోతే విద్యుత్ అందడం లేదని అనుమానించాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 వోల్టులకు పడిపోతే దాదాపు సగం ఖాళీ అయినట్టే. ఆ తర్వాత యజమాని పుస్తకంలో చూపిన సన్‌రూఫ్ ఫ్యూజును పరిశీలించాలి. అది కాలిపోతే అదే ఆంపియర్ల ఫ్యూజునే అమర్చాలి. కొత్తదీ కాలిపోతే వైరింగులో లోపం ఉన్నట్టు. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం మంటలకు తావిస్తుంది.

అద్దం కొద్దికొద్దిగా మాత్రమే జరుగుతూ ఉంటే, లేదా ఒక్క నొక్కుతో పూర్తిగా తెరుచుకోవడం మానేస్తే, ఇటీవల బ్యాటరీ తీసి పెట్టారేమో గుర్తు చేసుకోవాలి. విద్యుత్ తెగినప్పుడు కొన్ని కార్లలో నియంత్రణ యూనిట్ అద్దం ఉన్న స్థానాన్ని మరచిపోతుంది. స్విచ్‌ను నిర్ణీత దిశలో కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే చాలా కార్లలో ఆ జ్ఞాపకం తిరిగి వస్తుంది. పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది కనుక యజమాని పుస్తకాన్నే అనుసరించాలి. ఆ సమయంలో పైన చెప్పిన రక్షణ పనిచేయకపోవచ్చు. చేతులు, పిల్లలు దూరంగా ఉండాలి.

కొంత జరిగి వెనక్కు వస్తే పట్టాల్లో అడ్డు ఉందని భావించాలి. ఎండు ఆకులను, ధూళి కలిసి గట్టిపడిన పాత గ్రీజును మెత్తని గుడ్డతో తుడిచి, తయారీదారు సూచించిన గ్రీజును పలుచగా రాయాలి. వంటనూనె, ఇంజిన్ ఆయిల్ వాడితే ధూళి మరింతగా అంటుకుంటుంది, రబ్బరు అంచులు దెబ్బతింటాయి.

మోటారు తిరుగుతున్నా అద్దం కదలకపోతే, లేదా ఒక పక్కకు వంకరగా జరిగితే, కేబుల్ లేదా పళ్ల చక్రం దెబ్బతిని ఉండవచ్చు. అక్కడితో ఆపి వర్క్‌షాపును ఆశ్రయించాలి. చేత్తో బలంగా నెడితే పట్టాలు కూడా వంగిపోతాయి.

తెరిచి ఉండగానే ఆగిపోతే

కొన్ని కార్లలో మోటారును ప్రత్యేక తాళంతో చేత్తో తిప్పి అద్దం మూసే వీలుంటుంది. లేని పక్షంలో కారును కప్పు ఉన్న చోట నిలపాలి, లేదా పైనుంచి ప్లాస్టిక్ పట్టా గట్టిగా కప్పాలి.

నీటి దారులు

సన్‌రూఫ్ చుట్టూ ఉండే కాలువలోకి కొంత నీరు చేరడం సహజమే. మూలల్లోని సన్నని గొట్టాలు ఆ నీటిని కారు కిందికి పంపుతాయి. ఒక్కో మూలలో రెండు మూడు చెంచాల నీరు పోసి, కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే గొట్టం పూడిపోయినట్టు. ఇనుప తీగతో పొడిస్తే గొట్టం చిరిగి, నీరు సీట్ల కిందికి, విద్యుత్ పరికరాల్లోకి చేరుతుంది.

వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు శబ్దం వచ్చిందా, అద్దం ఎంత జరిగింది, ఫ్యూజు ఎలా ఉంది అన్న మూడు విషయాలు ముందుగా చెప్పాలి. అప్పుడు మెకానిక్ నేరుగా లోపం దగ్గరికి వెళ్లగలడు. బాగున్న మోటారుకు డబ్బు చెల్లించే అవసరం యజమానికి తప్పుతుంది.