స్పార్క్ ప్లగ్ గ్యాపు – చిన్న కొలత, పెద్ద నష్టం



బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినా, అది తేలేదాకా కుర్చీలోంచి లేచేవాళ్లం కాదు. అదే జాగ్రత్త నా కారు విషయంలో మరచిపోయి డబ్బు పోగొట్టుకున్నాను.

నాది పాత పెట్రోలు కారు. నౌబాద్ వీధుల్లో బాగానే నడిచేది. జహీరాబాద్ మీదుగా హైదరాబాదుకు నలుగురం వెళితే మాత్రం ఎక్కుడు రాగానే కుదుపులు, మిస్సింగ్. కార్బురేటరు పోయిందని ఒక మెకానిక్ చెబితే మార్పించాను. కుదుపు పోలేదు. చివరికి మా వీధిలో ఐ.టి.ఐ. చదివే కుర్రవాడు "అంకుల్, ముందు కొలిచి చూద్దాం" అని ప్లగ్గులు విప్పాడు. గ్యాపు 0.8 మి.మీ. ఉండాల్సిన చోట 1.2 మి.మీ. ఉంది. కొత్త ప్లగ్గులు సరైన గ్యాపుతో బిగించాక కారు బాగుపడింది.

ఎందుకలా జరిగింది? ప్లగ్గు చివర మధ్య కడ్డీకి, పక్కనుంచి వంగిన కడ్డీకి నడుమ ఉండే ఖాళీయే గ్యాపు. నిప్పురవ్వ ఆ ఖాళీని దాటి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటిస్తుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచితేనే రవ్వ దూకగలదు.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒక రవ్వ చొప్పున ఒక్కో సిలిండరులో సెకనుకు 25 రవ్వలు. అంటే గంటకు 90,000. ప్రతి రవ్వకూ కడ్డీ లోహం కొంచెం కొంచెం అరుగుతుంది, గ్యాపు పెరుగుతుంది. పెరిగిన గ్యాపు దాటాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. ఎక్కుడులో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది కనుక ఇంకా ఎక్కువ కావాలి. కాయిల్ అంత ఇవ్వలేకపోతే రవ్వ రాదు. వీధిలో బాగున్న కారు ఎక్కుడులో మొరాయించింది ఇందుకే.

గ్యాపు తగ్గినా చిక్కే. రవ్వ చిన్నదై మిశ్రమం సరిగా అంటుకోదు, ఆగి ఉన్నప్పుడు ఇంజను వణుకుతుంది. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోతే మైలేజి తగ్గుతుంది. కొత్త కార్లలో అక్కడుండే క్యాటలిటిక్ కన్వర్టరు విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదు ఏపాటి?

చాలా కార్లకు ఈ గ్యాపు 0.6 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతో కారు పుస్తకంలో చూడండి. ఇంజను చల్లారాకే ప్లగ్గు విప్పాలి. ఫీలర్ గేజితో కొలిచి, సరిచేయాల్సి వస్తే పక్క కడ్డీనే మెల్లగా వంచాలి, మధ్య కడ్డీని కదపరాదు. ఇరిడియం ప్లగ్గుల మొన సన్నగా ఉంటుంది, మీటితే విరుగుతుంది. కొత్త ప్లగ్గునైనా కొలిచే బిగించండి. డీజిలు కార్లకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు.

ఐ.టి.ఐ., డిప్లొమా విద్యార్థులారా, గేజి తీయకుండా తీర్పు చెప్పకండి. మీరు ఊహించి చెప్పిన మాటకు ఖర్చు భరించేది ఎదుటి కుటుంబం. తల్లిదండ్రులారా, చేతిపని నేర్చే పిల్లలను తక్కువ చేయకండి. బి.కాం. చదివిన నాకు ఈ లెక్క నేర్పింది అలాంటి కుర్రవాడే.