మీకు తెలుసా? మిరప మంట నీళ్లకు లొంగదు

మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు. అందుకే చేతులు ఉత్త నీళ్లతో ఎంత కడిగినా మంట వేళ్లను వదలదు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతి దాటాక మిరప కోతలు, కల్లాలు, తొడిమలు తీసే పనులు జోరందుకుంటాయి. ఆ చేత్తోనే పాలసీసాకు పీక బిగిస్తే కారం దానికీ అంటుతుంది. నిన్నటిదాకా గటగటా తాగిన బిడ్డ పీక పెదవికి తగలగానే మొహం తిప్పేసుకోవచ్చు.

క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు కొబ్బరినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పీకనూ సబ్బుతో కడిగి మరిగించాలి.

అయినా బిడ్డ పాలు వద్దంటే ముక్కుదిబ్బడో, నోటిపూతో, చెవిపోటో కారణం కావచ్చు. అప్పుడు ఉగ్గుగిన్నె అక్కరకొస్తుంది. బిడ్డను ఒళ్లో నిటారుగా పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనిస్తే తనే గుటకలేస్తుంది. పాలు నోట్లో పోయకూడదు. మూత్రం తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించాలి.