ఎముకను అంటుకున్న కొవ్వు గడ్డ: కత్తికి ముందు ఎమ్మారై

చేతి మీదో వీపు మీదో చర్మం కింద మెత్తగా జారే గడ్డ కనబడితే మన ఇళ్లల్లో ఎవరూ కంగారు పడరు. "చర్బీ కీ గాంఠ్ హై, కుచ్ నై హోతా" అంటుంది అమ్మీ. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ వేలితో కదిపినా జారకుండా, లోపల ఎముకకు అతుక్కున్నట్టు గట్టిగా ఉండే గడ్డ సంగతి వేరు. దాన్ని వదిలేయకూడదు, తొందరపడి కోయించుకోనూ కూడదు.

అలాంటి వాటిలో అరుదైనది పారోస్టియల్ లైపోమా. ఎముక మీది పల్చటి పొరను ఆనుకొని పెరిగే కొవ్వు గడ్డ ఇది, క్యాన్సర్ కాదు. వెయ్యి కొవ్వు గడ్డల్లో సుమారు మూడే ఇలాంటివని వైద్యుల లెక్క. 1888లో ఇంగ్లండు సర్జన్ డార్సీ పవర్ దీనికి ఈ పేరు వాడారు. ఎక్కువగా తొడ ఎముక దగ్గర, మోచేతి కింద ముంజేతి ఎముక దగ్గర, నలభై దాటినవాళ్లలో వస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, తరచుగా నొప్పి కూడా ఉండదు.

ముంజేతిలో వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. వేళ్లను చాచే కండరాలకు వెళ్లే నరం అక్కడ ఎముకను చుట్టుకొని పోతుంది. గడ్డ దాన్ని నొక్కితే తిమ్మిరి ఉండదు, స్పర్శ బాగానే తెలుస్తుంది, వేళ్లే చాచుకోవు. నాచారంలో మెషీన్ మీద పనిచేసే మనిషికి పానా పట్టుకోవడం వస్తుంది, వదలడం కష్టమవుతుంది. నమాజులో తక్బీర్‌కు చేతులెత్తితే వేళ్లు సరిగా తెరుచుకోవు. దీన్ని నీరసం అనుకొని పహిల్వాన్ దగ్గర మాలిష్, పట్టీలతో నెలలు గడిపేస్తే కండరం ఎండిపోతుంది. ఆ తర్వాత గడ్డ తీసినా పూర్తి బలం రాకపోవచ్చు.

మరి ఎలా తేల్చుతారు? ముందు ఎక్స్‌రే. కొవ్వు చుట్టూ ఉన్న కండరం కన్నా నల్లగా పడుతుంది, పక్కన ఎముక మీద కొమ్ములాంటి బుడిపె కూడా ఉండొచ్చు. ఆ బుడిపెను చూసి ఎముక గడ్డ అని పొరబడే వీలుంది. ఎముక మూలుగ బుడిపెలోకి సాగిందా లేదా అన్నది సీటీ చెబుతుంది. అసలు తీర్పు ఎమ్మారైది. చర్మం కింది కొవ్వు ఎలా కనబడుతుందో గడ్డా అలాగే కనబడి, కొవ్వును అణిచే చిత్రంలో దానితోపాటే నల్లబడితే ధైర్యం. లోపల మందమైన గోడలు, కొవ్వు కాని ముద్దలు ఉంటే లైపోసార్కోమా అనే క్యాన్సర్ కాదని రుజువు కావాలి. లోతుగా ఉండి 5 సెంటీమీటర్లు, అంటే పెద్ద నిమ్మకాయంత, దాటిన ఏ గడ్డకైనా ఇదే జాగ్రత్త.

అనుమానం ఉంటే బయాప్సీ చేస్తారు. సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించాలి. వీధి చివర క్లినిక్‌లో "చిన్న కోతే" అంటే ఒప్పుకోవద్దు.

ఈఎస్ఐ కార్డు ఉన్న ఉప్పల్, నాచారం కార్మికులు తమ డిస్పెన్సరీ నుంచి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి రాయించుకోవచ్చు. క్యాన్సర్ అనుమానం వస్తే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. ఆ ఆసుపత్రి పేరు వినగానే, ముఖ్యంగా రిష్తా చూస్తున్న అమ్మాయి ఉన్న ఇంట్లో, "నలుగురికీ తెలిస్తే?" అని ఆగిపోయేవాళ్లున్నారు. అక్కడికి వెళ్లిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. తొడ చూపించడానికి బిడియపడే ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని నిస్సంకోచంగా అడగొచ్చు. ఎమ్మారై గదిలోకి వెళ్లేముందు హిజాబ్ పిన్నులు, గాజులు, లోహపు డబ్బీలో ఉన్న తావీజు తీసేయాలి.

గడ్డ తీశాక దాన్ని పారేయనివ్వకుండా ల్యాబ్‌కు పంపించారా అని అడగండి. పారోస్టియల్ లైపోమా అని తేలితే, పూర్తిగా తీసినది మళ్లీ రావడం చాలా అరుదు.