పరీక్షకు అందని పంక్తులు



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండలోని మెతుకులన్నింటిని పట్టి చూడదు. ఒక్క మెతుకును వ్రేళ్ల నడుమ నలిపి చూచిన చాలును. దీనినే మన పెద్దలు స్థాలీపులాక న్యాయమందురు. మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికినవి గనుక ఈ న్యాయము అచట చెల్లును. కాని ఇది చెల్లని తావు ఒకటి కలదు. అది కంప్యూటరు ప్రోగ్రాము. నేడు మన పింఛనులు, భూముల పత్రములు, బ్యాంకు అప్పుల వడ్డీలు కంప్యూటరు లెక్కలమీదనే నడచుచున్నవి. ఆ లెక్కలు చేయు ప్రోగ్రాములను ఎట్లు పరీక్షింతురో మనమును కొంత తెలిసికొనుట యుక్తము.

ప్రోగ్రామనగా కంప్యూటరునకు వరుసగా వ్రాసి యిచ్చిన ఆజ్ఞల పట్టిక. అందు కొన్ని పంక్తులు ఎల్లప్పుడును నడచును. మరికొన్ని “ఇట్లైనచో ఇది చేయుము, కానిచో అది చేయుము” అను నియమమునకు లోబడి, ఆ సందర్భము తటస్థించినపుడే నడచును. వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అన్న విషయము వెంటనే స్ఫురించును. సామాన్యవిధి దినదినము ప్రయోగమునకు వచ్చును. అపవాదవిధి ఎప్పుడో గాని రాదు. తప్పు చాలసార్లు దాగియుండునది ఆ రెండవదాని యందే. పది లెక్కలు సరిపోయినవి గదా అని పదునొకండవది కూడ సరిపోవుననుట ఇచట పొరపాటు.

మా మనుమడు వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదువుచున్నాడు. 1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయే 2002లో ఈ పేరు పొందినది. గత వేసవి సెలవులలో అతడు ఇంటికి వచ్చినపుడు, మా ఊరి పొదుపు సంఘము వారి కోరికపై అప్పులకు వడ్డీ కట్టు చిన్న ప్రోగ్రామును వ్రాసెను. 20,000 రూపాయల అప్పునకు, ఏడాదికి నూటికి 12 రూపాయల చొప్పున, ఆరు నెలల వడ్డీ ఎంత యని అడిగితిమి. 1,200 రూపాయలని చూపినది. ఇట్టి లెక్కలు ఐదారు చేసితిమి. అన్నియు సరిపోయినవి. ఇక సంఘమువారికి ఇచ్చివేయుమంటిని.

“తాతయ్యా, లెక్కలు సరిపోయినవి గాని మన పరీక్ష ఏ ఏ పంక్తులను తాకినదో ఇంకను చూడలేదు” అని అతడు నల్లని తెర యొకటి తెరచెను. ఆ తెరమీద బొమ్మలు ఉండవు. మాటలతో ఆజ్ఞ వ్రాసి మీట నొక్కవలెను. దీనినే కమాండు లైను అందురు. అచట అతడు వాడిన సాధనము పేరు జీకవ్. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో మొదట వెలువరించిన జీసీసీ అను కంపైలరుతో కూడ ఇది లభించును. కంపైలరనగా మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చునది. రెండింటికిని వెల లేదు.

ఈ సాధనము చేయు పనిని మన ఓరుగంటి సీమవారికి చెరువు మాటలతో చెప్పిన సుబోధముగా నుండును. పాకాల, రామప్ప చెరువులు కాకతీయుల కాలము నుండి మన పొలములను తడుపుచున్నవి. తూము తీసిన పిదప నీరటికాడు గట్టుమీదనే కూర్చుండి నీరు పోవుచున్నదని చెప్పినచో మనము ఒప్పుకొనము. అతడు కాలువ వెంట నడచి, ఏ మడికి నీరందినదో, ఏ మడి ఎండియున్నదో చూచి రావలెను. జీకవ్ అట్టి నీరటికాడు.

దాని పని మూడు మెట్లుగా జరుగును. మొదట ప్రోగ్రామును కంపైలు చేయునపుడే ‘కవరేజి’ అను గుర్తును ఆజ్ఞకు చేర్చవలెను. అంతట కంపైలరు ప్రోగ్రాములో దారులు చీలు తావులయందు లెక్క పెట్టు గుర్తులను నాటి, కాలువల పటము వంటి ఫైలు నొకదానిని వ్రాసి పెట్టును. అన్ని తావుల నాటనక్కరలేదు. చీలికలయొద్ద లెక్క తెలిసిన, నడుమ పారినది గణితముచే తేలును. రెండవ మెట్టున ప్రోగ్రామును మన పరీక్షలతో నడపవలెను. అది ముగియునపుడు ఏ దారి ఎన్నిసార్లు నడచినదో మరియొక ఫైలులో వ్రాయును. మూడవ మెట్టున జీకవ్ అని ఆజ్ఞ యిచ్చిన, అది ఆ రెండు ఫైళ్లను కలిపి చదివి, ప్రోగ్రాములోని ప్రతి పంక్తికిని ఎడమప్రక్కన అది నడచిన లెక్క వేసి చూపును. ఒక్కసారియు నడువని పంక్తికి అంకెకు బదులు అడ్డగీతలు నిలువుగీతలు కలసిన గళ్ల గుర్తులు ఐదు పెట్టును.

ఇందు జాగ్రత్తలు కొన్ని కలవు. ప్రోగ్రాము నడుమనే కూలిపోయినచో ఆ పరుగు లెక్క సాధారణముగా వ్రాయబడదు. పాత పరుగుల లెక్కకు క్రొత్తది కలియుచు పోవును గనుక, క్రొత్త పరీక్షకు ముందు పాత లెక్కను తుడిచివేయవలెను. వేగము కొరకు పంక్తులను మార్చి కలుపు పనిని కంపైలరు చేయకుండ ఆపవలెను. లేనిచో లెక్క ఏ పంక్తిదో తికమకపడును.

మా ప్రోగ్రామునందు నడువదగిన పంక్తులు 40. అందు 34 నడచినవనియు, అనగా నూటికి 85 అనియు జీకవ్ చూపెను. మిగిలిన ఆరు పంక్తుల ప్రక్కను గళ్ల గుర్తులు. చూడగా, అవి అప్పు తీసికొన్నవాడు నడుమ కొంత సొమ్ము చెల్లించిన సందర్భమునకు వ్రాసినవి. మేము చేసిన లెక్కలలో అట్టి రైతు ఒక్కడును లేడు.

వెంటనే అట్టివాని లెక్క చేసితిమి. 20,000 అప్పు, మూడు నెలలకు 10,000 చెల్లించెను, ఆరు నెలలకు మిగిలినది తీర్చెను. నేను పెన్సిలుతో కట్టితిని: మొదటి మూడు నెలలకు 600, తరువాతి మూడు నెలలకు 300, వెరసి 900. ప్రోగ్రాము చూపినది 1,200. చెల్లించిన సొమ్మును తగ్గించుట మరచి, మొదటి మొత్తముమీదనే వడ్డీ కట్టుచున్నది. శ్రమించి ముందుగా కట్టినవాడే 300 రూపాయలు నష్టపోయెడివాడు. కంప్యూటరు చెప్పినది గదా యని ఎదురు పలుకక చెల్లించెడివాడు కూడ. నా మనుమడు తల వంచుకొని ఆ పంక్తిని దిద్దెను.

ఇచట ఒక సూక్ష్మము గమనింపుడు. నడువని పంక్తిని చూపినది సాధనము. తప్పును పట్టినది పెన్సిలు లెక్క. ఆ రైతు లెక్కను నడిపి, వచ్చిన జవాబును సరిచూడకుండ విడిచియుంటిమేని, జీకవ్ నూటికి నూరు చూపెడిది. తప్పును నిలిచియుండెడిది. కావున ఆ అంకె తక్కువైన పరీక్ష చాలదని నిశ్చయముగా చెప్పును. నూరైనను ప్రోగ్రాము సరియైనదని చెప్పజాలదు.

మరియొకటి. వ్యాకరణ గ్రంథములలో సూత్రమునకు ఉదాహరణమును, ప్రత్యుదాహరణమును చూపుట కలదు. సూత్రము ఎచట పట్టునో మొదటిది చూపును, ఎచట పట్టదో రెండవది చూపును. ప్రోగ్రాము నియమములకును ఈ రెండు పరీక్షలు వలయును. పంక్తులను మాత్రమే కాక, చీలిన దారులను కూడ లెక్కింపుమని జీకవ్‌ను ఆజ్ఞాపింపవచ్చును. విమానములను నడపు ప్రోగ్రాముల కొరకు అమెరికాలో 1992లో వెలువడిన నిబంధనలు, ప్రాణాపాయము కలుగు తావులయందు ఇంకను కఠినమైన లెక్కను కోరినవి.

ఇంత చూచినను ఏమరరాదు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు ఎగిరిన నిమిషములోపే ముక్కలైపోయెను. అందలి ఒక గణితపు పంక్తి పూర్వపు ఏరియన్-4 రాకెట్టులో పలుమారులు నిర్విఘ్నముగా నడచినదే. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. 32,767కు మించిన సంఖ్య పట్టని తావున అంతకు పెద్ద సంఖ్య వచ్చి పడెను. పంక్తి నడచినది నిజమే. ఆ సంఖ్యతో నడిపి చూచినవారు లేరు.

కావున పెద్దలారా, మీ ఊరికి ఎవరైనను క్రొత్త కంప్యూటరు లెక్కను తెచ్చినచో రెండు ప్రశ్నలు అడుగుడు. మీ పరీక్షలో నడువక మిగిలిన పంక్తులు ఏవి? నడచిన పంక్తుల జవాబులను చేతిలెక్కతో సరిచూచినది ఎవరు? ఈ రెండింటికి ఉత్తరము చెప్పగలవాని లెక్కను కొంత నమ్మవచ్చును. ఉత్తరము లేనిచో, మీ ఊరిలో నడుమ సొమ్ము కట్టిన రైతు నొకని పిలిచి, అతని లెక్కను ముందుగా చేయించి చూడుడు.