గానుగ తిప్పినా కండలెందుకు రాలేదు?

మా మేనల్లుడు సోంపేట నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చినప్పుడల్లా సెల్యులార్ జైలు చూడాల్సిందే. ఈసారి గానుగ దగ్గర పెట్టిన ఖైదీ బొమ్మ ముందు నిలబడి, తన జబ్బ ఓసారి తడుముకుని అడిగాడు: "రోజంతా ఇది తిప్పితే కండలు తిరిగిపోవాలి కదా మావయ్యా? ఒక్క రూపాయి ఫీజు లేకుండా!" నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఒళ్లు మండింది. ఇదే ప్రశ్న ఇంకో రూపంలో తరచూ వింటూనే ఉంటాను. ఓడరేవులో బస్తాలు మోసేవాళ్లు బక్కగా ఎందుకుంటారు, జిమ్ములో గంట గడిపే కుర్రాడు ఎందుకు ఉబ్బుతాడు అని. అన్నిటి వెనకా ఒకటే నమ్మకం, ఒళ్లు వంచితే కండ అదే వస్తుందని. ఒట్టి చాకిరీకి కండ రాదు.

ఆ గానుగలో ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి. అంటే పదమూడున్నర కిలోల పైమాటే. ఎద్దు చేసే పనికి మనిషిని కట్టారు. లెక్క తగ్గితే శిక్ష. ఆ నరకం భరించలేక 1912లో ఇందుభూషణ్ రాయ్ అనే ఖైదీ తన గదిలోనే ఉరేసుకున్నాడు. బరువుకు ఎదురొడ్డి కండరం పనిచేయడమే వ్యాయామమనుకుంటే, అంతకు మించిన వ్యాయామం ఏముంది? అయినా అక్కడ మనుషులు ఎండిపోయారు.

ఎందుకో తెలియాలంటే కండ లోపలికి వెళ్లాలి. అలివి వల లాగడం చూసినవాళ్లకు ఇది తేలిక. ఇక్కడ జంగ్లీఘాట్‌లో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి వాళ్లకు చెప్పనక్కర్లేదు. జాలర్లు ఒడ్డున వరసగా నిలబడతారు. తాడు పట్టుకుంటారు, వెనక్కి వాలి లాగుతారు, వదిలి ముందుకు జరిగి మళ్లీ పట్టుకుంటారు. అందరూ ఒకేసారి వదలరు. వదిలితే వల సముద్రంలోకి జారిపోతుంది.

కండరంలో అచ్చంగా ఇదే. మిల్లీమీటరులో నాలుగైదు వందలవ వంతు ఉండే చిన్న గదులు వరసగా పేర్చి ఉంటాయి. ప్రతి గదిలో నడుమ మయోసిన్ అనే లావు పోగులు, రెండు పక్కలా ఆక్టిన్ అనే సన్న పోగులు. మయోసిన్‌కు వందల చేతులుంటాయి. అవి ఆక్టిన్ తాడును పట్టి, వంగి, లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. పోగులేవీ కురచబడవు, ఒకదాని మీద ఒకటి జారతాయంతే. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి ప్రకటించాయి. రెంటిలోనూ హక్స్‌లీ అనే ఇంటిపేరువాడు ఒక్కొక్కడు ఉన్నాడు, ఒకరికొకరు చుట్టాలు కూడా కారు! ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

ఇక్కడే అసలు తమాషా. ఏటీపీ అనే ఇంధనాన్ని ఈ చేతులకు కూలి అనుకోండి. కూలి లాగడానికి ఇస్తారనుకుంటాం కదా. కండలో తాడు వదలడానికి కూడా కూలి కావాలి! ఏటీపీ వచ్చి అంటుకుంటేనే మయోసిన్ పట్టు సడలుతుంది. కూలి అందకపోతే పట్టినచేయి పట్టినట్టే బిగిసిపోతుంది. నమ్మకపోతే చేపల బజారుకు రండి. పొద్దున్నే దిగిన చేపను తల దగ్గర పట్టి అడ్డంగా ఎత్తితే కర్రలా నిలబడుతుంది. మా ఆవిడ అలాంటిదే ఏరుతుంది. ప్రాణం పోయాక ఏటీపీ అయిపోయి కోట్ల చేతులు తాళ్లు వదల్లేక బిగుసుకున్నాయన్నమాట. కొన్ని గంటలు పోయాక కండ కరగడం మొదలై చేప మెత్తబడి వేలాడుతుంది. శవం కొయ్యబారడమూ ఇదే. అందులో దెయ్యమూ లేదు, దోషమూ లేదు.

దోషం అంటే గుర్తొచ్చింది. కుడికన్ను అదిరితే మగాడికి లాభమట, ఆడదానికి నష్టమట. రెప్పలోని చిన్న కండరానికి నరం అకారణంగా సంకేతాలు పంపితే అది అదురుతుంది. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా అంతే. మీరు మగా ఆడా అని ఆ నరం అడగదు.

సరే, కండ పెరగడం. బరువు మీద పడి పోగులు బిగుసుకున్నప్పుడు, ఆ బిగువే కణానికి కబురు: ఈ పనికి మనవాళ్లు చాలరు, కొత్త పోగులు చేర్చు అని. చిరిగిన వలను ఒడ్డున కూర్చుని బాగుచేసుకున్నట్టు అని చెప్పబోయాను గానీ, ఇక్కడ నా పోలికే చిరిగింది. కండ పెరగాలంటే చిరగనక్కర్లేదు, మర్నాటి నొప్పులు పెరుగుదలకు కొలతా కావు. కానీ వల అల్లాలన్నా పెంచాలన్నా నూలు కావాలి, ఒడ్డున తీరిక కావాలి. ఆ మాట మాత్రం నిలుస్తుంది. బరువెత్తాక ఒకటి రెండు రోజులు కండలో మాంసకృత్తుల అల్లిక జోరుగా సాగుతుంది. గానుగ ఖైదీకి తీరిక లేదు, నూలూ లేదు. తిన్నది చాలనప్పుడు శరీరం ఉన్న కండనే కరిగించి పొయ్యిలో పెడుతుంది.

బస్తాలు మోసే అన్న సంగతి వేరు. ఆయన బలం తక్కువేం కాదు. అయితే బస్తా బరువు పదేళ్లుగా మారలేదు. దానికి సరిపడా కండ ఎప్పుడో కుదిరింది, అక్కడే ఆగింది. థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడ్డ సైనికులకు బరువు మెల్లమెల్లగా పెంచుతూ ఎత్తించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించాడు. జిమ్ముల్లో నేటికీ నడిచేది చాలావరకు ఆ సూత్రమే. చివరి రెండు మూడు సార్లు ఎత్తడం కష్టమనిపించాలి, వారానికి రెండు రోజులైనా చేయాలి, తేలికపడితే బరువు పెంచాలి. దించేటప్పుడు ధబీమని వదలకండి. పప్పు, గుడ్డు, చేప ఉన్న ఇంట్లో డబ్బా పొడులు అక్కర్లేదు.

ఇది కుర్రాళ్ల గొడవ మాత్రమే కాదు. 90 ఏళ్లు నిండినవాళ్లతో, నిండబోయేవాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువులు ఎత్తించిన అమెరికా పరిశీలన ఒకటి 1990లో వచ్చింది. పూర్తిచేసిన తొమ్మిదిమందికీ కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

మేనల్లుడితో మా అక్క కూడా వచ్చింది. మోకాళ్ల మీద చెయ్యి వేయనిదే లేవలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమన్నాను. మొదటి రోజు నాలుగుసార్లు, పదిహేను రోజులకు పది. కండ అప్పుడే పెరగలేదు, నరాలు మరిన్ని పోగుల్ని పనిలోకి పిలవడం నేర్చుకున్నాయి. ఇక రెండు కిలోల బియ్యం సంచి గుండెకు హత్తుకుని లేవమన్నాను.

"బియ్యం వండుకోక, ఎత్తుకుని కూకోడవేట్రా?" అంది. ఎత్తుకుంది మాత్రం.