పందెపు సొమ్ము – సంసారపు లెక్క

గరివిడి పేరు చెప్పగనే మాంగనీసు ఖనిజమును, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారమును స్ఫురించును. నెలజీతముతో బ్రదుకు ఇండ్లలో ఇల్లాలు బియ్యమునకింత, పాలకింత, పిల్లల చదువునకింత యని లెక్కవేసి సంసారము నడుపును. ఆ లెక్కను ఒక్క రాత్రిలో తలక్రిందులు చేయగల వ్యసనమును గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి. అది క్రికెట్టు పందెము.

ఆటయందు దోషము లేదు. మన విజయనగర రాజవంశమునకు చెందిన విజయానంద గజపతిరాజు 1936లో ఇంగ్లాండునకు వెళ్లిన భారతజట్టునకు నాయకుడు. దోషమంతయు ఆటపై ధనమొడ్డుటయందే కలదు. పూర్వము పందెము కాయువాడు కోడిపందెముల బరికో, గుఱ్ఱపుపందెముల మైదానమునకో పోయి నలుగురి కంటబడెడివాడు. నేడు బరి సెల్‌ఫోనులోనికే వచ్చినది. 2008లో ఐ.పి.యల్. పోటీలు ఆరంభమైన పిదప గెలుపోటములపైననే గాక ఒక్కొక్క ఓవరుపైన, బంతిపైన సైతము పందెములు సాగుచున్నవి. ప్రక్కగదిలోని భార్యకైన తెలియదు.

ఇందలి కిటుకు చూడుడు. సమబలముగల రెండు జట్లపై ఇద్దరు చెరి 100 రూపాయలు ఒడ్డిరనుకొందము. గెలిచినవానికి 190 ముట్టును. తక్కిన 10 బుకీ సంచిలో పడును. గెలుచువారు మారుచుందురు గాని ఆ 10 మాత్రము ఎప్పుడును బుకీదే. మొదటి గెలుపు ఎర. పోయినది రాబట్టుకొందునను ఆశ ఉరి. పైగా ఆటయే అమ్ముడుపోవచ్చును. దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే బుకీలయొద్ద ధనము గైకొంటినని 2000లో ఒప్పుకొనెను.

మన రాష్ట్రము 1974 నాటి జూద నిషేధ చట్టమును 2020లో సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించెను. 2025లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనమే చేసెను. అయినను ఇంటిలోని ఫోనును కనిపెట్టవలసినది ఇంటివారే.

ఫోను దాచుట, రాత్రులు నిద్రమానుట, కారణము చెప్పక అప్పులు చేయుట, నగలు కుదువకు అడుగుట – ఇవి గుర్తులు. అట్టియెడ గుట్టుగా గాజులమ్మి అప్పు తీర్పకుడు. ఆ ధనమే మరల పందెమగును. అప్పులన్నియు కాగితముపై వ్రాయించి, పెద్దలకు తెలిపి, జీతపు ఖాతాను ఇద్దరి యెఱుకలో నుంచుడు. ఈ వ్యసనమును ప్రపంచ ఆరోగ్యసంస్థ రోగముగా గుర్తించినది. కావున చికిత్స కలదు. టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆన్‌లైనులో మోసపోయినవారు 1930కి తెలుపవలెను.

భర్తగాని కుమారుడుగాని నిజము చెప్పుటకు వచ్చిన దినమున ముందుగా కోపపడకుడు. అవమానమునకు వెఱచి ప్రాణము తీసికొనువారు కలరు. అప్పు మెల్లగా తీరును. పోయిన ప్రాణము రాదు. ఈ మాట ఇంటిలో ముందే చెప్పియుంచుడని మా మనవి.